చిలక మార్కు, లాంతరు మార్కు

ఆషాఢంలో, అంటు కట్టే పని ముమ్మరంగా సాగుతున్న వారంలో, నాగక్క సానరాయి పగిలింది. మోటారు గది గట్టు మీంచి జారి సిమెంటు నేల మీద పడి మూడు ముక్కలైంది.

నాగక్కకు యాభై ఎనిమిదేళ్లు. కృష్ణగిరి దగ్గర తిమ్మరాయప్ప మామిడి నర్సరీలో ముప్పై ఏళ్లుగా అంట్లు కడుతోంది. లేత టెంక మొక్క తల కోసి, కాండాన్ని నిలువునా చీల్చి, మంచి జాతి చెట్టు పుల్లను రెండు పక్కలా చెక్కి ఆ చీలికలో దించి పట్టీ చుట్టాలి. చెక్కిన చోటు అద్దంలా ఉండాలి. కత్తి అంచు కాస్త గరుకైనా పుల్ల నలిగి, పది రోజుల్లో నల్లబడుతుంది. అలాంటి అంచు ఆమెకు ఇచ్చింది ఆ రాయే. మంగలి పని చేసిన తండ్రి చేతి రాయి అది. వెనకవైపు సగం చెరిగిన చిలక బొమ్మ ముద్ర తప్ప దాని మీద ఏ పేరూ లేదు.

కొట్లో కొన్న కొత్త రాయి మీద కత్తి నూరి వంద అంట్లు కట్టింది. నలభై కూడా బతకలేదు.

తిమ్మరాయప్ప కోప్పడలేదు. అదే ఆమెకు ఎక్కువ బాధయింది. “వయసయింది నాగక్కా, కండ్లు ఆనవు. నువ్వు పట్టీలు చుట్టుకుంటా కూచో. కోత ఇంద్రాణి చూసుకుంటాది” అన్నాడు.

ఇంద్రాణి నాగక్క దగ్గరే పని నేర్చుకున్న మనిషి. ఆ మాటకు నాగక్క కంటే తనే ఎక్కువ ఉడికిపోయింది. ఆ సాయంత్రమే ఫోన్లో ఒక వీడియో వెతికి చూపించింది. హోసూరులో ఎవరో ఒకాయన పాత సానరాళ్లు వరసగా పేర్చి ఒక్కోదాని గురించి చెబుతున్నాడు. వాటిలో చిలక బొమ్మ రాయి ఉంది.

“అక్కా, ఇదే కదా నీది?”

“బొమ్మ అదే. రాయి సంగతి చేత్తో పట్టుకుంటే గాని చెప్పలేను.”

ఆదివారం పగిలిన ముక్కలు మూటగట్టుకుని ఇద్దరూ హోసూరు బస్సెక్కారు. వీడియోలో మనిషి పేరు ధనుంజయ్. ఒంగోలు నుంచి వచ్చి ఫ్యాక్టరీ టూల్ రూమ్‌లో పని చేస్తున్నాడు. అద్దింటి ముందుగదిలో గోడ పొడుగునా అరలు, అరల నిండా రాళ్లు. ప్రతి రాయి కింద కంపెనీ పేరు రాసిన చీటీ. పై అరలో, అసలు అట్టపెట్టెతో సహా, చిలక మార్కు రాయి.

“నా దగ్గరున్న వాటిల్లో ఇదే రారాజు అక్కా” అని దాన్ని భద్రంగా ఆమె చేతికిచ్చాడు. “దీని ముందు మిగతావన్నీ దిగదుడుపే.”

నాగక్క దాని మీద నీళ్లు చల్లి, బొటనవేలితో ఈ కొస నుంచి ఆ కొసకు రుద్దింది. తన కత్తి తీసి నాలుగు సార్లు లాగింది. తల అడ్డంగా ఊపింది.

“ఇది నా రాయి కాదప్పా.”

“అదేంటక్కా! మీ ముక్క మీదా చిలకే, దీని మీదా చిలకే.”

“చిలక ఒకటే. రాయి వేరే. ఇది కత్తిని జార్చేస్తా ఉండాది. నాది పట్టుకుంటాది.”

ఆమె అరల వెంట నడుస్తూ ఒక్కో రాయినీ తడిపి తాకింది. అడుగు అరలో పెట్టె లేని లాంతరు మార్కు రాయి దగ్గర ఆగిపోయింది. కత్తి రెండు సార్లు లాగగానే ముఖం విప్పారింది. “ఇదిగో. ఇదే.”

ధనుంజయ్ నవ్వేశాడు. “అది వంటగది కత్తులకు వాడేదక్కా. దాన్నెవరూ లెక్క చేయరు.”

“అయితే నా కండ్లకు గుడ్డ కట్టు” అంది నాగక్క. “ఏ రాయైనా ఇయ్యి.”

అతను ఆరు రకాల మార్కుల రాళ్లు తీసి, ముద్రలన్నిటి మీదా టేపు అంటించి, కలిపేసి బల్ల మీద పెట్టాడు. ఇంద్రాణి తన చున్నీతో నాగక్క కళ్లు కట్టింది. నాగక్క తొందరపడలేదు. తడిపింది, తాకింది, గోటితో తట్టి చెవి దగ్గర పెట్టుకుంది. ఒక రాయిని ఒక పక్క పెట్టి, మళ్లీ ఆలోచించి ఇంకో పక్కకు మార్చింది. చివరికి బల్ల మీద మూడు కుప్పలు తయారయ్యాయి.

“ఆరు కాదప్పా. మూడు రకాల రాళ్లే ఉండేది.”

ధనుంజయ్ ముఖంలో నవ్వు పోయింది. లోపలి నుంచి ఒక నోటుబుక్కు తెచ్చాడు. ప్రతి రాయినీ గాలిలో ఒకసారి, నీళ్లలో ముంచి ఒకసారి తూచి, ఏ రాయి సాంద్రత ఎంతో రెండేళ్ల కిందట రాసుకున్నాడు. కొన్ని మార్కుల అంకెలు ఒకటిగా వస్తే తన తూకమే తప్పనుకుని పక్కన పెట్టేశాడు. ఇప్పుడు టేపులు ఒలిచి, ఆమె కుప్పల పక్కన ఆ అంకెలు పెట్టి చూశాడు. మూడు కుప్పలూ సరిపోయాయి. నాగక్క పగిలిన ముక్కను అప్పటికప్పుడు తూచాడు. చిలక పెట్టెలోని రాయి అంకె రాలేదు. లాంతరు రాయి అంకె వచ్చింది.

ఆ ముక్కనూ లాంతరు రాయినీ తడిపి కిటికీ దగ్గర పట్టుకున్నాడు. అదే బూడిద ఆకుపచ్చ, అదే సన్నటి తుప్పురంగు గీత.

“అక్కా!” అని అరిచినంత పని చేశాడు. “చిలక వాడూ, లాంతరు వాడూ రాయి తవ్వినోళ్లు కారు. దొరికిన చోట కొని ముద్రేసుకున్నారు. మీ నాన్నగారి కాలంలో చిలక వాడికి ఈ రాయి దొరికింది. తర్వాత ఇంకేదో రాయి దొరికింది, దాని మీదా అదే చిలక కొట్టాడు. నేను రెండేళ్లుగా పేర్లు చదువుతున్నాను, మీరు రాయిని చదివారు!”

నాగక్క గట్టిగా నవ్వింది. ఇంద్రాణి ఆమె భుజం పట్టుకుని ఊపేసింది. ధనుంజయ్ అప్పుడే అరల్లోని చీటీలన్నీ పీకేయడం మొదలుపెట్టాడు. సాయంత్రం దాకా ముగ్గురూ కూర్చుని ముప్పై రాళ్లనూ కొత్తగా జతలు కట్టారు. వెళ్లేటప్పుడు లాంతరు రాయిని నాగక్క చేతిలో పెట్టి, “ఇది మీదే. ఆ పగిలిన ముక్కొకటి నాకివ్వండి చాలు” అన్నాడు. ఆమె ముక్క ఇచ్చి రాయిని కొంగులో చుట్టుకుంది.

మర్నాడు తిమ్మరాయప్పను అడగకుండానే నాగక్క కోత బల్ల ముందు కూర్చుంది. వంద అంట్లు కట్టి విడిగా ఒక వరసలో పెట్టించింది. పది రోజులకు పుల్లలు పచ్చగానే ఉన్నాయి. మూడు వారాలకు రాగిరంగు చిగుళ్లు విప్పుకున్నాయి. ఇంద్రాణి వంగి లెక్కపెడుతూ పోయి వరస చివర నుంచి కేక పెట్టింది.

“తొంభై నాలుగు!”

తిమ్మరాయప్ప నమ్మలేదు. తనే మొదటి నుంచి ఒక్కో పుల్లనూ ముట్టుకుంటూ లెక్కపెట్టాడు. ఆయనకూ తొంభై నాలుగే వచ్చాయి. కాసేపు తల గోక్కుని, “తప్పుగా మాట్లాడినాను నాగక్కా” అన్నాడు.

“దానికేముందప్పా” అంది నాగక్క కత్తి తుడుచుకుంటూ. “మల్గోవ మామిడి పుల్లలు తెప్పించు. ఈ నర్సరీలో దాని అంటు పట్టదని అందరూ అంటా ఉండారు కదా. ఎందుకు పట్టదో చూస్తాం.”