బొజ్జన్న దప్పి

రెండేళ్లుగా వానలు లేవు. కోడుమూరు దగ్గరి ఒక రేగడి పల్లెలో ఊరబావి అడుగంటితే, దాన్ని ఇంకా లోతు చేయడానికి మగవాళ్లు దిగారు. బొజ్జన్న అడుగున పలుగు పట్టుకుని ఉన్నాడు. పైకి లాగుతున్న రాళ్లగంప తాడు తెగి అతని తలమీద పడింది. ముక్కులోంచి నెత్తురు కారింది. మంచంమీద ఇంటికి మోసుకొచ్చారు. కొన్నాళ్లు కళ్లు తెరవలేదు. తెరిచిన రోజు పెళ్లాన్ని గుర్తుపట్టి "హులిగీ" అని పిలిచాడు. హులిగెమ్మ ఆ పూటే ఊరిదేవతకు కొబ్బరికాయ కొట్టి వచ్చింది. గండం గడిచిందనుకుంది.

లేచి తిరగడం మొదలుపెట్టాక దప్పి పట్టుకుంది.

మొదట చెంబు మీద చెంబు తాగాడు. తర్వాత కడవ పక్కనే చాప వేసుకున్నాడు. సంగటి ముద్ద పెడితే ముట్టేవాడు కాదు. తాగినంతసేపూ తాగి, పెరట్లోకి పోయి వచ్చి, మళ్లీ కడవ వంచేవాడు. ఉచ్చ కూడా నీళ్లలాగే ఉండేది, రంగు లేదు, వాసన లేదు. ఊళ్లో ఒక్కో ఇంటికి వంతు ప్రకారం నీళ్లు తోడుకోనిస్తున్న రోజులవి. హులిగెమ్మ, ఆమె అత్త బసమ్మ తమ నోళ్లు కట్టుకుని అతనికి పోశారు. అయినా పెదవులు పగిలి, బుగ్గలు లోపలికి పోయి, మనిషి ఎండిన జొన్నదంటులా అయ్యాడు.

"తీపి రోగమేమోలే," అంది బసమ్మ. "అదైతే ఉచ్చకు సీమలు పడతాయి సూడు."

హులిగెమ్మ పెరట్లో కూర్చుని చూసింది. చీమలబారు ఆ తడిని పట్టించుకోకుండా పక్కనుంచి పోయింది. తెలిసిన రోగమైతే దానికొక పేరుండేది.

పేరు ఊరివాళ్లు పెట్టారు. ఎప్పుడో ఆ బావిలో పడి చచ్చిన ఆడమనిషి అతన్ని పట్టిందన్నారు. పక్క ఊరి నుంచి దయ్యాలు వదిలించే పెద్దన్న వచ్చాడు. బొజ్జన్న కంటి రెప్పలు ఎత్తి చూశాడు.

"తాగేది ఈయప్ప గాదు. ఆయమ్మ తాగుతాండాది. ఒక పగలంతా నీళ్లు సూపియ్యగాకండి. దప్పికి తాళలేక అదే దిగిపోతాది."

హులిగెమ్మ కాదనలేదు. కడవ దగ్గర గుడ్లు తేలేసి కూర్చునే మనిషిని చూస్తే ఆమెకే భయమేస్తోంది. దంట్లు వేసుకునే కొట్టులోకి అతన్ని నెట్టి గడియ పెట్టారు. పెద్దన్న గుమ్మం ముందు కూర్చున్నాడు.

పొద్దున బొజ్జన్న బతిమాలాడు. "ఒగ గుక్క పొయ్యే హులిగీ, నీ కాళ్లు మొక్కుతా." ఎండ నెత్తికెక్కేసరికి తలుపు బాదాడు. తర్వాత చనిపోయిన తండ్రితో మాట్లాడటం వినిపించింది. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు.

"దిగుతాండాది," అన్నాడు పెద్దన్న. "తెరవగాకండి."

ఆ నిశ్శబ్దాన్ని హులిగెమ్మ ఓర్చుకోలేకపోయింది. తలుపు సందులోంచి చూసింది. బొజ్జన్న గోడకు జారగిలబడి ఉన్నాడు. తెరిచిన నోట్లో నాలుక అంగిటికి అతుక్కుపోయింది. రెప్పలు కదలడం లేదు. కానీ అతని కింద నేల తడిసి ఉంది. అప్పుడే కొత్తగా తడిసింది. పొద్దుటి నుంచి చుక్క నోట్లో పడని మనిషి.



"అత్తా! తాగినందుకు నీళ్లు పోతాండ్లేదు. పోతాంది కాబట్టే తాగుతాండాడు. సచ్చిపోతాడత్తా!"

బసమ్మ లేచి పెద్దన్నను భుజం పట్టి పక్కకు తోసింది. "నా కొడుకును సంపి దయ్యాన్ని దింపుతావా? లెయ్ ఆడి నుంచి." గడియ తీసింది ఆమే. హులిగెమ్మ గుడ్డ తడిపి అతని నోట్లో పిండింది. గొంతు గుటకేయడానికి చాలాసేపు పట్టింది.

మరునాడు పొద్దున్నే బొజ్జన్న తమ్ముడు లింగన్న బండి కట్టాడు. ఇంట్లో ఉన్న నీళ్లన్నీ బసమ్మ కడవల్లో పోసి బండిలో పెట్టింది. కర్నూలు ఆస్పత్రి దాకా సరిపోతాయనుకున్నారు. సరిపోలేదు. సగం దారి దాటకముందే చివరి కడవ వంపారు. దారిలో ఒక ఊళ్లో అడిగితే చెంబెడు పోసి తలుపేసుకున్నారు. హంద్రి కనిపించినప్పుడు లింగన్న "ఏరొచ్చె వదినా!" అని కేకేశాడు గానీ, ఏట్లో ఇసుక తప్ప ఏమీ లేదు.

ఇద్దరూ చేతులతో చెలమ తవ్వారు. మోచేతి లోతున ఇసుక చల్లబడింది, ఇంకా లోపల తడి తగిలింది. నీరు ఊరడం లేదు. హులిగెమ్మ బండి వైపు చూసింది. బొజ్జన్న ఆమెనే చూస్తున్నాడు.

"ఎవురు నువ్వు?" అన్నాడు.

ఆమె మళ్లీ చెలమ మీదికి వంగి గోళ్లు విరిగేలా తవ్వింది. చెలమ అడుగున అరచేతిలో పట్టేంత బురదనీరు చేరింది. కొంగుతో వడగట్టి అతని నోట్లో పోసింది. మళ్లీ ఊరేదాకా కూర్చుంది. మళ్లీ పోసింది. ఎద్దులు నీళ్ల వాసనకు అరుస్తుంటే లింగన్న వాటి ముక్కుతాళ్లు పట్టుకుని ఏడ్చాడు.

కల్లూరు దాటి ఆస్పత్రి చేరేసరికి బొజ్జన్నకు స్పృహ లేదు. డాక్టరమ్మ కృపమణి కడప వైపు మనిషి. దప్పి సంగతీ, దయ్యం సంగతీ మందలించకుండా విన్నది. నరంలోకి నీళ్లెక్కించింది. మూత్రం పరీక్ష చేసి, చక్కెర లేదని చెప్పింది.

"తెలివి వచ్చినాక ఎంత తాగితే అంత ఇయ్యండి. నీళ్లు మాత్రం ఆపొద్దు. తలకు దెబ్బేమన్నా తగిలిందా?"

బావి సంగతి చెప్పారు. డాక్టరమ్మ అతని తలమీది మచ్చను తడిమి చూసింది.

"ఇది దయ్యం గాదమ్మా. మెదడు కింద శెనగ్గింజంత గ్రంథి ఒకటి వేలాడుతుంటాది. ఒంట్లో నీళ్లు తగ్గినాయని మెదడుకు తెలుస్తానే, ఆ గ్రంథి నుంచి ఒక రసం నెత్తుర్లో కలుస్తాది. 'నీళ్లు పోనియ్యొద్దు, పట్టుకోండి' అని మూత్రపిండాలకు చెప్పేది ఆ రసమే. దెబ్బకు ఆ దారి తెగింది. చెప్పేటోళ్లు లేక అవి నీళ్లన్నీ ఇడిసిపెడతాండాయి."

"మందుందా తల్లీ?"

"పశువులకుండే ఇదే గ్రంథి నుంచి తీసిన రసం సూదిమందుగా వస్తాది. కాన్పులో నెత్తురు ఆగకపోతే ఆడోళ్లకు వేస్తాము."

లింగన్న నోరు తెరిచాడు. "మా యన్నకు కాన్పు సూదా?"

"అదే రసం నాయనా. నేనూ పుస్తకంలో చదివినానే గానీ ఇంతవరకు ఎవరికీ ఇందుకోసం వెయ్యలేదు. నాకూ భయంగానే ఉండాది. వెయ్యమంటారా?"

హులిగెమ్మ తల ఊపింది.

సూది పడిన కాసేపటికి బొజ్జన్న ముఖం సున్నంలా పాలిపోయింది. కడుపు పట్టుకుని మెలికలు తిరిగాడు. చంపేశామనుకుంది హులిగెమ్మ. డాక్టరమ్మ అతని నాడి వదలకుండా పట్టుకుని కూర్చుంది. మెల్లగా నొప్పి తగ్గింది. ఊపిరి నిదానమైంది. సాయంత్రం చెంబు నోటికి పెడితే సగం తాగి, చేత్తో తోసేశాడు.

"సాలు," అన్నాడు.

ఎన్నాళ్లుగానో వినని మాట అది. ఆ తర్వాత పోసిన మూత్రం పసుపుపచ్చగా ఉండటం చూసి డాక్టరమ్మ కళ్లు తుడుచుకుంది.

మరునాటికే మందు బలం తగ్గి దప్పి తిరిగి వచ్చింది. హులిగెమ్మ డాక్టరమ్మ కోసం వరండాలోకి పరుగెత్తింది. డాక్టరమ్మ మళ్లీ సూది వేసింది. నెలల తరబడి అలాగే సాగింది. తర్వాత మద్రాసు నుంచి అదే గ్రంథి పొడిని తెప్పించి నశ్యంలా పీల్చమంది. రానురాను పొడి లేకుండా గడిచే రోజులు పెరిగాయి. గ్రంథి తనంతట తాను కోలుకుంటోందని, అందరికీ అలా జరగదని ఆమె చెప్పింది.

మరుసటేడు వానలు పడ్డాక బొజ్జన్న చేను దున్నడానికి మడక పట్టాడు. ఒకనాడు చేనుగట్టు మీద కూర్చుని చెంబెడు తాగి, ఇంకో చెంబు అడిగాడు. హులిగెమ్మ చేతులు కదలలేదు.

"ఏమే, అట్ల సూస్తాండావు? ఎండ గదే. ఎవురికైనా దప్పి అవుతాది."

ఆమె నీళ్లు పోసింది. అతను తాగినంతసేపూ ఎదురుగా నిలబడి చూసింది. మిగిలిన నీళ్లు అతను నేలమీద ఒలకబోసి మళ్లీ మడక దగ్గరికి పోయాక గానీ, చేతిలోని కడవ కింద పెట్టలేదు.