బండిది కాని నొప్పి

పొద్దున చాయ్ గ్లాసు చేతికిస్తూ స్వరూపరాణి మొగుణ్ని రోజూ అడిగే మాట ఒకటే. "ఇయ్యాల యాడ నొస్తుంది?"

నారాయణఖేడ్‌లో కంగ్టి రోడ్డు మీద వాళ్ల రేకుల షెడ్డు. ముందర మెకానిక్ షాపు, వెనక రెండు గదుల ఇల్లు. విక్టర్ చాయ్ ఊదుకుంటూ, కళ్లు మూసుకుని ఒళ్లంతా ఒకసారి వెతుక్కుని, "కుడి మోకాలు" అనేవాడు. ఆమె గేటు ముందు నిలబెట్టిన బండ్ల వైపు చూసి, "అయితే గా పాల వ్యానుదే. ముందటి చక్రం బేరింగ్ పోయినట్టుంది" అనేది. విప్పి చూస్తే అదే అయ్యేది.

విక్టర్ ఏ ఇంజను మీద చెయ్యి పెట్టినా దాని జబ్బు అతనికి వచ్చేది. రేడియేటర్ కారుతుంటే దప్పిక, ఫిల్టర్‌లో దుమ్ము పేరుకుంటే దగ్గు. బాగుచేసి ఆఖరు బోల్టు బిగించగానే పోయేది. బాగుచేయించుకోకుండా ఎవరన్నా బండిని తోలుకుపోతే, అది దూరం పోయినకొద్దీ నొప్పి పలచబడి చివరికి మాయమయ్యేది. ఖేడ్‌లో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. విక్టర్‌కు జ్వరమంటే "ఎవరి ట్రాక్టరో పాపం" అనేవాళ్లు. చర్చిలో పాస్టరు కూడా విక్టర్ కొరకూ, కల్హేర్ నుంచి వచ్చిన డీసీఎం వ్యాను కొరకూ ఒకేసారి ప్రార్థన చేసిన రోజులున్నాయి.

స్వరూపరాణి పానా పట్టింది లేదు. కానీ ఇరవై ఆరేళ్ల కాపురంలో మొగుడి ఒంటిని చూసి చూసి ఇంజనంతా నేర్చుకుంది.

కందులు కోస్తున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం, ట్రాక్టరుకు మోకు కట్టి ఒక ఎర్ర బండిని లాక్కొచ్చారు. రెండే సీట్లు. తలుపు తీస్తే మనిషి కూర్చోడానికి కాదు, పడుకోడానికి దిగినట్టు దిగాలి. జపాన్‌లో ముప్పై రెండేళ్ల కింద తయారైన స్పోర్ట్స్ కారు. దాని స్టీరింగ్ పట్టుకుని ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. పేరు మొగులప్ప, ఊరు నాగల్‌గిద్ద. హైదరాబాద్‌లో ఒకే సారు దగ్గర నలభై ఏళ్లు డ్రైవరుగా చేశాడు. సారు చనిపోతూ ఈ బండిని మొగులప్ప పేరన రాసిపోయాడు.

"నీ దగ్గరికే తెస్తుంటే ఖేడ్ రెండు మైళ్లుందనంగ పొగలొచ్చినయ్ తమ్మీ," అన్నాడు మొగులప్ప. "ఊరికి తెచ్చేముందు హైదరాబాద్‌ల చూపిస్తే తుక్కుకు ఎయ్యమన్నరు. అయ్యో శివనే, దీన్ని తుక్కుకు ఎట్లేస్త?"

విక్టర్ బానెట్ లేపి, వేడి తగ్గేదాకా ఆగి, అరచెయ్యి పూర్తిగా ఆనించాడు. రెండు నిమిషాల్లో ముఖమంతా చెమట. స్వరూపరాణి తెచ్చిన బిందెలో సగం నీళ్లు గటగటా తాగేశాడు. పెదాలు పగిలాయి. దగ్గు తెర వచ్చింది. నడుము పట్టేసింది. ఛాతీలో ఎడమవైపు ఏదో బరువు.

"ఏంది కాకా ఇది, బండా, దవాఖానా?" అన్నాడు మూలుగుతూనే. "మీద అద్దం లెక్క తుడిసినవ్. లోపల ఏం పోసినవ్?"

"నీళ్లే. మా బోరు నీళ్లు. మేం తాగేటియే."

"నీకు మంచియే. దీన్ల ఉప్పు పేరుకుంటది. కూలెంట్ పొయ్యాలె, రెండేండ్లకోపారి మొత్తం తీసి మార్చాలె. ఆయిల్ ఎన్నడు మార్చినవ్?"

"సారు పోయినంక మార్చలే. మూడేండ్లాయె. నడపనే లేదు గద తమ్మీ, నడవని బండికి ఏమైతది?"

"నడవకపోతేనే అయితది. పైపులు ఎండి పలుగుతయ్. పెట్రోలు జిగురైతది. ఆయిలంత కిందికి దిగి పైన ఇనుము ఉత్తగ ఉంటది, గప్పుడు స్టార్ట్ చేసి ఒక్కపారే తొక్కినవనుకో, గీసుకపోతది. టైమింగ్ బెల్టు ఉంటది సూడు, అది నడిసిన కిలోమీటర్లే గాదు, ఏండ్లు గూడ లెక్కవెడతది. ఊకె ఉన్నా ముసలిదైతది. అది తెగిందా, ఇంజను లోపలిది లోపలే గుద్దుకుని సస్తది. చెడినంక చేసుడు నా పని. చెడకుంట చూసుడు నీది."

మొగులప్ప తల వంచుకున్నాడు. "ఆదివారమొస్తే సారూ నేనూ బయటికి తీసెటోళ్లం. ఆయన పోయినంక నడుపుదామని కూసుంటే పక్క సీటు ఖాళీగ కనవడ్తది. బుద్ధి కాలే."

స్వరూపరాణి ముసలాయనకు జొన్నరొట్టె పెట్టింది.

పని పన్నెండు రోజులు పట్టింది. హైదరాబాద్ నుంచి బస్సు పార్సిల్‌లో సామాన్లు తెప్పించారు. రేడియేటర్‌ను మూడుసార్లు కడిగితే మూడుసార్లూ సున్నం నీళ్లలాంటివి వచ్చాయి. వాటర్ పంపు మార్చిన పూట విక్టర్ దప్పిక తీరింది. పైపులన్నీ కొత్తవి వేస్తే పెదాలు మానాయి. పెట్రోలు ట్యాంకు దింపి కడిగాక దగ్గు పోయింది. నడుము నొప్పి ఇంజను కింది రబ్బరు దిమ్మెలతో పాటే వదిలింది. మొగులప్ప రోజూ మొదటి ఆటోకు వచ్చి, విప్పిన ప్రతి ముక్కనూ గుడ్డతో తుడుస్తూ, ఎప్పుడు మార్చాలో, ఎప్పుడు చూసుకోవాలో పిల్లాడిలా అడిగి ఒక పాత డైరీలో రాసుకునేవాడు.

ఛాతీ బరువు మాత్రం తగ్గలేదు.

"టైమింగ్ బెల్టుదే," అన్నాడు విక్టర్. బెల్టు కొత్తది వేశాడు. తగ్గలేదు. "అయితే హెడ్డు గ్యాస్కెట్," అని ఇంజను పైభాగం మొత్తం విప్పాడు. గ్యాస్కెట్ చెక్కుచెదరకుండా ఉంది. అయినా కొత్తది వేసి బిగించాడు. ఆ రోజు పానాల డబ్బా ఎత్తుతుంటే నొప్పి దవడలోకి పాకింది. ఎడమ చెయ్యి మొద్దుబారింది.

"దవాఖానకు పోదాం పా," అంది స్వరూపరాణి.

"బండి జబ్బుకు దవాఖాన్ల సూదేస్తరానే? ఇది ఇంక ఏందో దాస్తుంది. దొరకవడ్త."

ఆమెకు ఆ మాట నచ్చలేదు. అన్నం వండుతున్నా బట్టలు పిండుతున్నా చెవి షెడ్డు వైపే ఉండేది. ఇరవై ఆరేళ్లలో ఈయనకు సొంత జబ్బు ఎప్పుడన్నా వచ్చిందా అని ఆలోచించింది. ఒకసారి పన్ను నొప్పని ఒక లారీ గేరుబాక్సు రెండుసార్లు విప్పించాడు. లారీ వెళ్లి నెలైనా నొప్పి పోలేదు. చివరికి పుచ్చిన పన్ను దానంతటదే రాలింది. "గా లారీదే, జర ఆలస్యంగ పోయింది," అన్నాడు అప్పుడు. నవ్వుకున్నారు ఇద్దరూ. ఇప్పుడు నవ్వు రాలేదు.

పదమూడో రోజు పొద్దున బండి స్టార్టయింది. మొదట దగ్గి, తర్వాత సర్దుకుని, సన్నగా, తేనెటీగల తెట్టెలా మోగింది. విక్టర్ ఇంజను మీద స్టీలు గ్లాసులో నీళ్లు పెట్టాడు. నీళ్లు కదల్లేదు. మొగులప్ప భుజం మీది తువ్వాలు కళ్లకు అద్దుకున్నాడు. విక్టర్ నవ్వబోయి, బానెట్ అంచు పట్టుకుని ఒంగిపోయాడు. చొక్కా వీపంతా తడిసి అంటుకుంది.

స్వరూపరాణి మొగుణ్ని స్టూలు మీద కూర్చోబెట్టి మొగులప్ప వైపు తిరిగింది. "కాకా, నువ్వు బండి తీస్కొని కరస్‌గుత్తి దాక పో. పోయినంక ఫోన్ జెయ్యి."

"ఎందుకు బిడ్డా?"

"పో కాకా. అడగకు."

బండి వెళ్లిపోయింది. ఆమె మొగుడి ముఖమే చూస్తూ కూర్చుంది. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. ఫోను మోగింది. కరస్‌గుత్తి చేరానని, బండి వెన్నలా నడుస్తోందని మొగులప్ప సంబరంగా చెప్పాడు.

"తగ్గిందా?" అంది ఆమె.

విక్టర్ తల అడ్డంగా ఊపాడు.

"బండి అంత దూరం పోయింది. షెడ్డుల ఇంకో బండి లేదు. ఇది బండిది కాదు. నీది."

విక్టర్ ఆమెను నమ్మలేనట్టు చూశాడు. "నాది ఎట్లైతది?" అన్నాడు. ఎన్ని లారీల జబ్బులు మోసినా బెదరని మనిషి, స్టూలు అంచు గట్టిగా పట్టుకున్నాడు. "బండిదైతే సామాను దొరుకుతది రాణీ. నాదైతే ఏం మార్చాలె?"

ఆమె మొగులప్పను వెనక్కి రమ్మని, మొగుణ్ని ఆటోలో దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరమ్మ ఈసీజీ తీసి, మాత్రలు నమిలించి, "గుండె నరం మూసుకుపోయింది. ఇక్కడ అయ్యే పని కాదు. సంగారెడ్డిలో గుండె దవాఖాన ఉంది, ఫోన్ చేస్తాను. గంటలో చేరాలి," అంది. అంబులెన్సు కాన్పు కేసుకని సిర్గాపూర్ పోయింది, తిరిగి రావడానికి నలభై నిమిషాలు. అప్పటికే ఎర్ర బండి దవాఖాన గేటులోకి వచ్చి ఆగింది.

రెండే సీట్లు.

మొగులప్పా, ఆమే కలిసి విక్టర్‌ను సీట్లోకి దింపారు. అతని ముఖం బూడిద రంగుకు తిరిగింది. ఆ స్థితిలోనూ, "కాకా, ఇంజను వెచ్చగనే ఉంది గద? అయితే తొక్కు, భయంలేదు," అన్నాడు. స్వరూపరాణి సీటు బెల్టు పెట్టడానికి ఒంగింది. పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకోలేదు. మొగుడు ఇన్నేళ్లూ చేసినట్టే వేళ్లు విడదీసి, తొందరపడకుండా, అరచెయ్యి మొత్తం అతని ఛాతీ మీద ఆనించి కళ్లు మూసుకుంది.

మొదట ఏమీ కాలేదు. తర్వాత ఎవరో కందుల బస్తా తెచ్చి రొమ్ము మీద దింపినట్టయింది. తలుపు అంచు పట్టుకుని నిలదొక్కుకుంది. కళ్లు తెరిచేసరికి విక్టర్ ముఖంలోకి కొంచెం రంగు వచ్చింది.

"ఏం జేసినవే?"

"ఏం లే. పోండ్రి." తలుపు వేసేసింది.

బండి మలుపు తిరిగేదాకా చూసి బస్టాండుకు నడిచింది. వంద అడుగుల దూరానికి మూడుచోట్ల నిలబడింది. సంగారెడ్డి బస్సు కదలబోతోంది. డ్రైవరు వెనకున్న సీటులో కూలబడింది. కండక్టరు ఆధార్ అడిగితే లేదంది. అతను ఆమె ముఖం చూసి, ఆడవాళ్ల ఉచిత ప్రయాణానికిచ్చే సున్నా టికెట్టు కొట్టి చేతిలో పెట్టాడు.

పెద్దశంకరంపేట దగ్గరికి వచ్చేసరికి నొప్పి తగ్గడం మొదలైంది. చెయ్యి తేలికపడింది, ఊపిరి ఆడింది. ఎర్ర బండి దూరమవుతోంది. ఇక్కడ తగ్గినదంతా అక్కడ ఆయన మీద పడుతోంది. ఆమె లేచి కడ్డీ పట్టుకుని డ్రైవరు దగ్గరికి పోయింది.

"అన్నా, జర జల్దీ తోలు."

డ్రైవరు ఖేడ్ మనిషే. అద్దంలో చూశాడు. "ఏమైంది వదినా, నొప్పా? పక్కకు ఆపాల్నా?"

"ఆపకు. ఆపితే తగ్గుతది."

డ్రైవరు ఒక్క క్షణం ఆలోచించాడు. "విక్టరన్నదా?" అని మాత్రం అడిగాడు. ఆమె తలూపింది. అతను కండక్టరును కేకేశాడు. "సంగారెడ్డి దాక యాడ ఆగదని చెప్పు! జోగిపేటల దిగేటోళ్లు వచ్చేటప్పుడు దిగుతరు!"

బస్సులో ఎవరూ ఎదురు చెప్పలేదు. జోగిపేటలో దిగాల్సిన ఒక ముసలామె తన సంచి ఒళ్లో పెట్టుకుని స్వరూపరాణి పక్కకు వచ్చి కూర్చుని, ఆమె వీపు రాస్తూ ఉంది. బస్సు జోగిపేట దాటింది. నొప్పి మళ్లీ చిక్కబడింది. దవడలోకి పాకింది, చెయ్యి మొద్దుబారింది. "రా," అనుకుంది స్వరూపరాణి పళ్లు బిగించి. "ఇంక రా. ఎంతుంటే అంత రా."

సంగారెడ్డి పొలిమేరలో, ఒక్కసారిగా, నొప్పి పోయింది. పలచబడలేదు. తెగినట్టు పోయింది. ఆమె ఒంటి మీద చెయ్యి వేసుకుని వెతుక్కుంది. ఎక్కడా లేదు. బాగైందా? మనిషే లేకుండా పోయాడా? మొగులప్పకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ముసలామె ఆమె చేతిని వదల్లేదు. డ్రైవరు బస్టాండుకు పోకుండా బస్సును దవాఖాన గేటు ముందుకే తోలాడు.

గేటు లోపల ఎర్ర బండి ఉంది. దాని పక్కన మొగులప్ప నేల మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేవబోయి, లేవలేక, రెండు చేతులూ జోడించాడు.

"ఉన్నడు బిడ్డా," అన్నాడు మొగులప్ప. "నరం తెరిచి తీగ పెట్టిండ్రట. మాట్లాడుతుండు. ఫోన్ సీట్లనే ఉండిపోయింది. వేడి చూపే సూది సగం దాటలే బిడ్డా, అంత దూరం తొక్కినా బండి వేడెక్కలే."

ఆమె అక్కడే, బండి చక్రానికి ఆనుకుని కూర్చుని ఏడ్చింది.

సాయంత్రం డాక్టరు ఆమెను పిలిచి కంప్యూటర్‌లో ఏవో నీడలు చూపించాడు. ఇంత పెద్ద నరం ఇంతసేపు మూసుకుపోతే గుండెలో సగం కండ చచ్చిపోవాలట. విక్టర్‌ది దాదాపు ఏమీ చెడలేదట. "ఎలా తట్టుకున్నాడో నాకు అర్థం కావడం లేదమ్మా," అన్నాడు. స్వరూపరాణి "దేవుని దయ సార్" అని లేచింది.

విక్టర్ మూడో అంతస్తులో ఉన్నాడు. మందుల కోసం ఆమె కిందికి దిగింది, తీసుకుని పైకి బయలుదేరింది. మొదటి అంతస్తు దాటాక కాళ్లు ఆగాయి. ఊపిరి అందలేదు. గోడ పట్టుకుని నిలబడి, వంద లెక్కపెట్టుకుని, మళ్లీ ఎక్కింది. పైన విక్టర్ ఎక్కడికి పోయావని అడిగాడు. మందులకు చాలా మంది ఉన్నారని చెప్పింది.

ఇప్పటికీ ఆమె ఎక్కడ మెట్లెక్కినా సగంలో ఒకసారి ఆగుతుంది. కొంగు సర్దుకుంటున్నట్టు నిలబడి, ఊపిరి తీసుకుని, మిగతావి ఎక్కుతుంది.