భూతకాలం రాని రిమ్మా

హైఫాలో మా ఉల్పాన్ ఒక పాత బడి పై అంతస్తులో నడిచేది. దేశానికి కొత్తగా వచ్చినవాళ్లకు హీబ్రూ నేర్పే తరగతి అది. తలలు నెరిసినవాళ్లం పిల్లల బెంచీల్లో మోకాళ్లు ఇరికించుకుని కూర్చుని, పక్కింటి పసిపిల్ల గడగడా వాగేసే భాషను కూడబలుక్కుంటూ ఉండేవాళ్లం. నేను బ్యూనస్ ఐరిస్‌లో జుట్టు కత్తిరించే దుకాణం నడిపి వచ్చినదాన్ని. నోరు ఊరుకోని మనిషిని. అలాంటిదాన్ని ఒక భాష నోరు కట్టేసి కూర్చోబెడితే ఎంత మంటగా ఉంటుందో మీరే ఊహించుకోండి.

నా పక్క సీటు రిమ్మాది. మరియుపోల్ నుంచి వచ్చింది, అరవై దాటిన మనిషి. ఆమెకు స్పానిష్ రాదు, నాకు రష్యన్ రాదు. మా ఇద్దరి మధ్యా ఉన్నదల్లా ఆ కుంటి హీబ్రూ ఒక్కటే. ఊరి మీద బాంబులు పడుతుంటే కొడుకు ఎడిక్ ఆమెను పొరుగువాళ్ల కారెక్కించి, "నువ్వు పదమ్మా, నేను వెనకాలే వస్తా" అన్నాడట. యుద్ధం కాబట్టి వయసులో ఉన్న మగవాళ్లను సరిహద్దు దాటనివ్వరని ఇద్దరికీ తెలుసు. ఆ తర్వాత అతని ఫోను మూగబోయింది.

మా పంతులమ్మ తిర్సా. ఆవిడకు జాలి లేకపోలేదు, కానీ పాఠం అయ్యాకే దాన్ని బయటికి తీస్తుంది. ఆ రోజు భూతకాలం మొదలుపెట్టింది. 'యేష్ లీ' అంటే నాకు ఉంది. 'హాయా లీ' అంటే నాకు ఉండేది. వదిలేసి వచ్చినవాటి గురించి ఒక్కొక్కరూ ఒక వాక్యం చెప్పాలి.

"నాకు జుట్టుండేది," అన్నాడు ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఆర్మాన్, నున్నటి గుండు నిమురుకుంటూ.

"నాకు మొగుడుండేవాడు," అన్నాను నేను.

"అయ్యో, పోయాడా?" అంది తిర్సా.

"ఎక్కడికీ పోలేదు, గుండ్రాయిలా ఉన్నాడు. నాకే భూతకాలమైపోయాడు."

తరగతంతా నవ్వింది. తర్వాతి వంతు రిమ్మాది.

"నాకు కొడుకున్నాడు. యేష్."

"అది కాదు బంగారం, హాయా పెట్టి చెప్పు. సరే, కొడుకు సంగతి వదిలెయ్. ఇల్లుండేది అను."

"నాకు ఇల్లుంది. యేష్."

ఆ ఇంటి ఫోటో మేమందరం చూసిందే. మసిబారిన గోడలు నిలబడి ఉన్నాయి, పైకప్పు లేదు.

"రిమ్మా, నువ్విలా మొండికేస్తే మళ్లీ మొదటి తరగతిలో కూర్చోబెడతారు. నా చేతుల్లో ఏం లేదు," అంది తిర్సా.

"కూర్చోబెట్టు," అంది రిమ్మా. ఆ భాషలో 'మీరు' అన్న మాటే లేదు, పంతులమ్మనైనా నువ్వనాల్సిందే. కానీ ఆమె అన్న తీరులో మర్యాద కూడా లేదు.

విరామంలో అందరం కాఫీ గ్లాసులు పట్టుకుని కబుర్లాడుకుంటుంటే రిమ్మా కిటికీ దగ్గర నిలబడి ఎడిక్ నంబరు నొక్కేది. ఒక రికార్డు గొంతు ఏదో చెప్పేది. అర్థం తెలియకపోయినా ఆ వాక్యం నాకు కంఠతా వచ్చేసింది. రిమ్మా దాన్ని చివరిదాకా వినేది, మధ్యలో పెట్టేసేది కాదు. నాకు ఒళ్లు మండిపోయేది. ఎవరి మీదో మాత్రం తెలిసేది కాదు.

"ఒక్క ముక్క అనేయరాదూ! ఇల్లుండేది అంటే నీ సొమ్మేం పోయింది? పాఠమే కదా!" అన్నాను ఒకసారి.

ఆమె వచ్చీరాని మాటలు కూడదీసుకుంది. "ఇవాళ ఇల్లు అంటా. రేపు వీధి అంటా. నోరు అలవాటు పడుద్ది. ఎల్లుండి..." అని ఆగి, కీడు తగలకుండా ఎడమ భుజం మీదుగా వెనక్కి తూ తూ తూ అని ఉమ్మింది.

కొన్నాళ్లకు భవిష్యత్ కాలం పాఠం వచ్చింది. 'యిహ్యే' అంటే ఉంటుంది, ఉంటాడు. మొదటిసారి రిమ్మా తనంతట తాను చెయ్యెత్తింది.

"యిహ్యే లీ బేన్!" అంది గట్టిగా. నాకు కొడుకు ఉంటాడు అని ఆమె ఉద్దేశం. వినేవాళ్లకు మాత్రం నాకు కొడుకు పుట్టబోతున్నాడని అర్థం.

గది ఎగిరిపోయేలా నవ్వారు.

"శుభం రిమ్మా! ఎన్నో నెల?" అన్నాడు ఆర్మాన్. "నా వైపు చూడకండి బాబూ, నేనసలే నడుం నొప్పి మనిషిని!"

తిర్సా కళ్లు తుడుచుకుంటూ, "వ్యాకరణం ఒప్పే. డాక్టరే ఒప్పుకోడు," అంది.

సంగతి అర్థమయ్యాక రిమ్మా కూడా నవ్వింది. ఆమె నవ్వగా చూడటం నాకదే మొదలు. "పర్లేదు. ఒకసారి కన్నాను, మళ్లీ కంటాను," అంది. ఇక అప్పటి నుంచి అన్నిటికీ అదే కాలం. ఇల్లు ఉంటుంది, వీధి ఉంటుంది, కొడుకు ఉంటాడు. బజారులో టమాటాలున్నాయా అనబోయి ఉంటాయా అని అడిగితే, దుకాణదారు "దేవుడు దయతలిస్తే ఉంటాయి తల్లీ" అనేవాడు. నేను పక్కన నిలబడి నవ్వేదాన్ని గానీ లోపల భయంగా ఉండేది. ఇవాళ అనేది ఆమె దగ్గర లేకుండా పోయింది.

ఎండలు ముదిరిన ఒక రోజు, విరామంలో, రిమ్మా ఫోను దానంతటదే మోగింది. ఆమె చాలాసేపు విన్నది. రష్యన్‌లో ఏదో అడిగింది. అదే ప్రశ్న మళ్లీ అడిగింది. ఫోను సంచిలో వేసి జిప్పు లాగింది.

"ఎడిక్?" అన్నాను.

రిమ్మా తన కాఫీ గ్లాసు కడిగింది, నా చేతిలోది కూడా తీసుకుని కడిగింది, రెండూ బోర్లించి తరగతిలోకి నడిచింది.

తిర్సా బోర్డు మీద పాత పాఠాలు తిరగేస్తోంది. రిమ్మాను అడగడం ఎప్పుడో మానేసింది. రిమ్మా అడగకుండానే లేచి నిలబడింది.

"హాయా లీ బేన్," అంది. "నాకు కొడుకుండేవాడు. అతని పేరు ఎడిక్."

ఒక్క తప్పు లేదు.

"నఖోన్!" అంది తిర్సా అటు తిరిగి రాస్తూనే. ఎవరు సరిగ్గా చెప్పినా ఒప్పు అని అలాగే అనేది. "చూశారా, మన రిమ్మాకి కూడా వచ్చేసింది."

తిర్సా ఇటు తిరిగి రిమ్మా ముఖం చూసింది. మార్కర్‌కు మూత కూడా పెట్టకుండా బెంచీలకు కొట్టుకుంటూ వచ్చి ఆమె భుజాలు పట్టుకుంది.

"తప్పు," అంది. "తప్పు బంగారం, నేనే పొరపాటున ఒప్పన్నాను. యేష్ అను. నాకు కొడుకున్నాడు అను. అనమ్మా, యేష్ అను!" ఆవిడ చేతిలోని మార్కర్ రిమ్మా తెల్ల చొక్కా మీద గీతలు పెడుతోంది.

రిమ్మా తల అడ్డంగా ఊపింది. పాఠం అప్పజెప్పే పిల్లలా నెమ్మదిగా, "హాయా," అంది. తర్వాత నా వైపు తిరిగింది.

"సరిగ్గానే అన్నాను కదా?"

మా ఇద్దరికీ ఉన్నది ఆ భాష ఒక్కటే. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆ ఏడుపులోనే, ఆ భాషలోనే, "సరిగ్గానే అన్నావు" అన్నాను.