బోణీ రేడియేటర్

ట్యూషన్ నుంచి ఆడపిల్లల్ని ఇళ్ళకు తీసుకొస్తుంటే, ఒక్కలాప కూడలిలో నా వ్యాన్ ముందు భాగంలోంచి ఆవిరి లేచింది.

"ఆంటీ, మొహింగా పులుసు పొంగుతోంది!" అని వెనక సీట్లోంచి అరిచింది సూ మోన్. మిగతా ఏడుగురూ కిచకిచమన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. తెల్లవారితే ఒక్కరోజే మిగులుతుంది. ఆ మర్నాడు వాళ్ళకి పదో తరగతి పరీక్షలు మొదలు. ప్రైవేటుగా కట్టారు కాబట్టి సెంటర్ ఊరికి ఆ చివర పడింది.

మా పేటలో బడిపిల్లల్ని నెలవారీగా తిప్పే వ్యాన్లలో ఆడమనిషి నడిపేది నాదొక్కటే. అందుకే ఈ ఎనిమిదిమంది తల్లులూ నాకు అప్పజెప్పారు. పరీక్ష రోజున నా బండి కదలకపోతే, మా పేటలోనే నాకు పోటీగా వ్యాన్ తిప్పే బో నీ సిద్ధంగా ఉంటాడు. ఆ రోజు అతని బండెక్కిన పిల్లలు, వాళ్ళ చెల్లెళ్ళు, జూన్‌లో మళ్ళీ నా బండెక్కరు.

"రెండు టాక్సీలు మాట్లాడి పంపెయ్," అన్నాడు మా ఆయన కో థౌంగ్, అన్నం కలుపుకుంటూ.

"టాక్సీలే చాలనుకుంటే ఇక నేనెందుకంటారు వాళ్ళమ్మలు?"

"అంటే అననీ. ముందు కూర్చుని తిను. కూర చల్లారిపోతోంది."



మర్నాడు పొద్దున్నే, దారంతా నీళ్ళు పోసుకుంటూ వ్యాన్‌ని మెకానిక్ సయా ఛో దగ్గరికి తీసుకెళ్ళాను. బానెట్ లేపి చూసి పెదవి విరిచాడు. "పైన ప్లాస్టిక్ పగిలిపోయిందమ్మా. అతికించినా నిలవదు. జపాన్ నుంచి దిగిన పాత రేడియేటర్ ఏదైనా తెచ్చుకోవాలి. ఆగు, ఇది విప్పి ఇస్తాను. పట్టుకెళ్ళి పక్కన పెట్టి చూసుకో."

"విప్పడానికి ఎంతసేపు?"

"బంపర్ ఊడదియ్యాలి. టీ తాగి రా."

టీ కొట్టు దాకా వెళ్ళాను. కూర్చోలేకపోయాను. ఆగేకొద్దీ షాపుల్లో ఉన్నవి అమ్ముడైపోతాయనిపించింది. వెనక్కొచ్చి, బండి ఇంజన్ దగ్గర ఉన్న నంబరు పలకని ఫోనులో ఫొటో తీసుకుని, ఎదురొచ్చిన బస్సెక్కి విడిభాగాల వీధిలో దిగాను.

అప్పుడే షట్టర్లు లేస్తున్నాయి. మొదట తెరిచి ఉన్నది డా చిన్ ష్వే షాపు. డెబ్బై ఏళ్ళ పెద్దావిడ. బుగ్గల మీద అరగదీసి పూసుకున్న తనకా చెక్క గంధం ఇంకా తడిగానే ఉంది. చుట్టూ జపాన్‌లో విప్పిన బండ్ల తలుపులు, అద్దాలు, లైట్లు, సైలెన్సర్లు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఫొటో చూపించాను.

"ఉందమ్మా, ఉంది! నీ కోసమే వచ్చినట్టుంది. పొద్దున్నే లక్ష్మిలా వచ్చావు, నువ్వే నా బోణీ," అని కిందనుంచి ఒక రేడియేటర్ లాగింది. బండి పేరు అదే, మోడల్ అదే, కొలత అదే.

"మెకానిక్‌కి ఒక్కసారి చూపించి..." అన్నాను.

ఆవిడ ముఖం వాడిపోయింది. బోణీ బేరం చేతులూపుకుంటూ వెళ్ళిపోతే ఆ రోజంతా ఆ షాపుకి ఏం ఒరగదు. ఆ సంగతి నాకూ తెలుసు. మా అమ్మ బజారులో వంకాయలు అమ్మిన మనిషి. చెప్పిన ధరలో డా చిన్ ష్వేనే తగ్గించింది. నేనూ ఆగలేక, చేతిలో ఉన్నదంతా ఇచ్చేశాను. ఆ నోట్లతో ఆవిడ షాపులోని ఒక్కొక్క వస్తువునీ తట్టుకుంటూ పోయింది. తలుపుల్ని, అద్దాల్ని, చివరికి తన కుర్చీని కూడా. "అమ్ముడుపోవాలి, అమ్ముడుపోవాలి," అని గొణుక్కుంటూ డబ్బు పెట్టెలో వేసుకుంది.

సయా ఛో నేను తెచ్చినదాన్ని పాతదాని పక్కన నిలబెట్టాడు. రెండూ కవలల్లా ఉన్నాయి. అతను మాత్రం కిందకి వంగి, పాతదాని అడుగున వేలు పెట్టాడు. అక్కడ రెండు సన్న గొట్టాలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. నేను తెచ్చినదానికి లేవు.

"నీ బండి గేర్లు వాటంతటవే మారేవి కదా. ఆ గేరు ఆయిలు ఈ గొట్టాల్లోంచి వెళ్ళి చల్లారి రావాలి. నువ్వు తెచ్చింది చేత్తో గేరు మార్చే బండిది. దీనికి ఆ దారే లేదు."

"ఇప్పుడెలా సయా?"

అతను నలుగురికి ఫోన్ చేశాడు. "వీధి చివర కో న్యో దగ్గర గొట్టాలున్నది ఒకటే ఉందట. డబ్బు ముందు తెచ్చినవాళ్ళదే అంటున్నాడు. ఎవరి కోసమూ పక్కన పెట్టడట. పరిగెత్తు."

మళ్ళీ బస్సు, ఒళ్ళో మళ్ళీ అదే రేడియేటర్. దాని రేకు రెక్కలు, మా ఆడవాళ్ళం కట్టుకునే లుంగీలోంచి కూడా గుచ్చుకుంటున్నాయి.

డా చిన్ ష్వే నన్ను చూడగానే రెండు చేతులూ అడ్డం పెట్టింది. "లోపలికి తేకు! బోణీ సరుకు వెనక్కి రాకూడదు!"

"పెద్దమ్మా, ఇది నా బండికి పట్టదు. డబ్బిచ్చెయ్యండి. రేపు పిల్లల పరీక్ష."

"ఆ డబ్బు వెనక్కిస్తే నేను తట్టిన సరుకంతా ఏమనుకుంటుంది? పొద్దున్నించి ఒక్క అద్దం తప్ప ఏం పోలేదు. సాయంత్రం షట్టర్ దించేముందు రా. అప్పటికి బోణీ పని అయిపోతుంది. నిక్షేపంగా తీసుకో."

"సాయంత్రానికి కో న్యో దగ్గరున్నది ఉంటుందా?"

"అది నీ అదృష్టం."

నేను కదల్లేదు. గడప పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను. కాసేపటికి కూర్చోనూ లేకపోయాను. లేచి లైట్ల మీద దుమ్ము తుడిచాను. దారినపోయేవాళ్ళని "ఏం కావాలి అన్నా? అద్దాలా? హారన్లా?" అని పిలవడం మొదలుపెట్టాను. నా చేతి మీదుగా ఒక వైపర్ జత, ఒక తలుపు పిడి అమ్ముడయ్యాయి.

"జీతానికుంటావా?" అంది ఆవిడ, కిళ్ళీ చుట్టుకుంటూ.

"మొత్తం అమ్మిపెడతాను, ఇప్పుడే మూసేస్తారా?"

అంతలో చొక్కా గుండీలు ఊడిపోయిన కుర్రవాడొకడు వచ్చాడు. పాతికేళ్ళుంటాయి, వాడి ఒంటినిండా, నూరి పులియబెట్టిన రొయ్యల ముద్ద వాసన. "పెద్దమ్మా, రేడియేటర్ కావాలి, అర్జంటు," అంటూ ఫోనులో బండి చూపించాడు. నా బండి లాంటిదే.

డా చిన్ ష్వే నా వైపు కళ్ళెగరేసింది. నా కాళ్ళ దగ్గరున్నది వాడి చేతిలో పెట్టింది. వాడు కొంటే బోణీకి బోణీ నిలుస్తుంది, నా డబ్బు నాకొస్తుంది. వాడు అప్పుడే జేబులోంచి నోట్లు తీస్తున్నాడు.

"పాతది విప్పావా తమ్ముడూ?" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు.

"విప్పాను అక్కా, ఇదిగో," అని ఇంకో ఫొటో చూపించాడు. అడుగున రెండు సన్న గొట్టాలు.

డా చిన్ ష్వే నా కాలు తొక్కింది.

"ఇది నీ బండికి పట్టదు," అన్నాను. గొట్టాల సంగతి చెప్పాను.

"మరి పట్టేది ఎక్కడ దొరుకుతుంది?"

నేను తల దించి మళ్ళీ లైట్ల మీద దుమ్ము తుడవసాగాను. కానీ వాడు నన్ను నమ్ముకుని ఆగలేదు. "చివరిదాకా అడుగుతా," అంటూ కో న్యో షాపు వైపే పరుగులాంటి నడక అందుకున్నాడు.

"నీ నోరు ఊరుకోదా?" అని మండిపడింది డా చిన్ ష్వే. "చేతికొచ్చిన బేరాన్ని తన్నేశావు. అది కాదే, వాడు వెళ్ళింది నీకు కావలసినదాని కోసమే కదా! తెలిసే చెప్పావా?"

"వాడూ రేపు ఇలాగే దీన్ని మోసుకొచ్చి మీ గడపలో కూర్చుంటాడు పెద్దమ్మా. ఇక్కడ స్టూలు ఒకటే ఉంది."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. కిళ్ళీ ఉమ్మి వచ్చి ఫోను అందుకుంది. "న్యో! ఆ గొట్టాల రేడియేటర్ తీసి లోపల పెట్టు. నా బోణీ మనిషి వస్తోంది. లెక్క సాయంత్రం మనం చూసుకుందాం. ఎవడైనా డబ్బు ఊపితే ఊపనీ." ఫోను పెట్టేసి నాతో అంది, "బోణీ డబ్బు పెట్టె దాటదు. దానికి బదులు నా మాట వెళ్తుంది, అందులో నష్టం లేదు. ఆ రేడియేటర్ గడప బయటే పారేసి పరిగెత్తు!"

నేను వెళ్ళేసరికి కుర్రవాడు కో న్యో బల్ల ముందు నోట్లు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కో న్యో వాడిని దాటి చూస్తూ, రేడియేటర్ తీసి నా చేతుల్లో పెట్టాడు. రెండు గొట్టాలూ నా వేళ్ళకి చల్లగా తగిలాయి.

"ఓహో," అన్నాడు కుర్రవాడు. "అందుకేనా అక్కా, ఎక్కడుందో చెప్పలేదు."

"రేపు పిల్లలకి పరీక్ష తమ్ముడూ. ఎనిమిదిమంది."

"నాకు రేపు మూడు బజార్లకి సరుకు వెయ్యాలి. వెయ్యకపోతే ఓనర్ ఇంకొకణ్ణి చూసుకుంటాడు. అది మీకెందుకులే." వాడు నోట్లు మడిచి జేబులో పెట్టుకోబోయాడు. జేబు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది వాడికి.

వెళ్ళిపోవాలి. సయా ఛో బండి విప్పి కూర్చున్నాడు. వీధి మలుపు దాకా నడిచాను కూడా. రేడియేటర్ అటు చేతికీ ఇటు చేతికీ మార్చుకుంటూ నిలబడ్డాను. మళ్ళీ వెనక్కి నడిచాను.

"నీ పేరేంటి?"

"జయా. ఏం?"

"పిల్లల్ని తొమ్మిదింటికల్లా లోపలికి పంపేస్తాను. మధ్యాహ్నం దాకా నా వ్యాన్ ఖాళీ. నీ సరుకు ఎక్కడెక్కించుకోవాలో చెప్పు."

"రొయ్యల ముద్ద అక్కా. డబ్బాలు కారతాయి."

"గోనెలు పరుద్దాం."

వాడు నమ్మలేదు. నా నంబరు తీసుకుని, నా ముందే ఒకసారి మోగించి చూసుకున్నాడు.

మర్నాడు పిల్లలు వేళకి లోపలికి వెళ్ళారు. సూ మోన్ గేటు దగ్గర వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. తర్వాత జయా, నేనూ మూడు బజార్లు తిరిగాం. వాడు దారి పొడవునా ఓనర్‌ని తిట్టాడు. నేను బో నీని తిట్టాను. రెండో బజారులో ఒక డబ్బా మూత ఊడింది.

మధ్యాహ్నం గేటు తెరిచాక ఎనిమిదిమందీ వ్యాన్ దగ్గరికి వచ్చి, తలుపు తెరిచి, ఒక్కసారిగా వెనక్కి గెంతారు.

"ఛీ! ఆంటీ! ఏంటిది?"

"బాగా రాశారా?"

"రాశాం కానీ, ఇందులో ఎక్కం!"

"కిటికీలు దించి ఎక్కండి," అన్నాను. ముక్కులు మూసుకుని, ఒకరినొకరు తోసుకుంటూ ఎక్కారు. "రేపు కూడా ఇదే వాసనా?" అంది సూ మోన్, వాళ్ళమ్మకి చెప్పేస్తానన్నట్టు.

జయా బండికి ఇంకా రేడియేటర్ దొరకలేదు.

"రేపు కూడా," అన్నాను.