శ్రుతి తగ్గిన మెట్టు

పియానోలు శ్రుతి చేయడం మానేసి ఆరేళ్ళయినా నాన్న చెవులు మాత్రం ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాయి. గేటు కిర్రుమంటే స్వరం తగ్గిందంటాడు. కుక్కర్ మూడో కూత మొదటిదానికంటే దిగిందని వంటింట్లోకి వచ్చి మరీ చెబుతాడు. పెళ్ళయిన కొత్తలోనే అమ్మ ఆయనకు చెవులాయన అని పేరు పెట్టేసింది.

అలాంటి మనిషి వారం రోజులుగా కూతురి గది చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. కూతురు పాత టేపులు తెచ్చుకుని, బుసలూ చిటపటలూ తీసేసి శుభ్రం చేస్తుంది. ఈసారి వచ్చింది ఊళ్ళో పియానో నేర్పిన టీచరమ్మ వాయించిన టేపు. ఆవిడ పోయి ఏడాదైంది, శిష్యులంతా కలిసి ఆ రికార్డును మళ్ళీ తెస్తున్నారు. నలభై ఏళ్ళ క్రితం ఆ పియానోను శ్రుతి చేసింది నాన్నే, రికార్డు అట్ట మీద ఆయన పేరూ ఉంది. ఆ టేపులో, నొక్కినప్పుడల్లా ఒక మెట్టు శ్రుతి తగ్గి మోగుతోంది.

"సరిచెయ్యవే తల్లీ. కంప్యూటర్లో రెండు నొక్కులు నొక్కితే అయిపోతుందిగా?"

"ఫొటో మీద దుమ్ము తుడుస్తాను గానీ ముక్కు సరిచెయ్యను నాన్నా."

"ఆ వంకర ముక్కు ఆవిడది కాదే, నాది!"

అప్పుడు కక్కాడు అసలు సంగతి. రికార్డింగుకు ముందు రోజు ఆ మెట్టు తీగ తెగితే కొత్తది వేశాడు. కొత్త తీగ సాగుతుంది, మళ్ళీ మళ్ళీ బిగించాలి. పొద్దున్నే వెళ్ళి చూసుకుందాంలే అనుకుని పడుకున్నాడు. లేచి వెళ్ళేసరికి రికార్డింగు సగమైంది. ఆ తరవాత ముప్ఫై ఏళ్ళు టీచరమ్మ ఆయనకే కబురు చేసింది తప్ప ఆ మాట ఎత్తలేదు.

"ఆవిడ గమనించలేదు, నా అదృష్టం. ఈ శిష్యులవి పాము చెవులు. సరిచెయ్యకపోతే అట్ట మీద నా పేరు తీసెయ్యమను."

కూతురికి నవ్వూ జాలీ ఒక్కసారే వచ్చాయి. ఎన్నడూ చెయ్యని పని చేసింది. ఒక పూటంతా కూర్చుని, ఆ మెట్టు మోగిన ఇరవై మూడు చోట్లా స్వరాన్ని పైకి లాగింది.

సాయంత్రం నాన్న పరీక్ష ఫలితం వింటున్నవాడిలా కూర్చుని విన్నాడు. మొదట నవ్వాడు, తరవాత మొహం చిట్లించాడు.

"ఇదేంటి, ఆవిడ ఇక్కడ తడబడుతోంది?"

నిజమే. ఆ మెట్టు దగ్గరికి రాగానే టీచరమ్మ అలా తాకి పక్క మెట్టు మీదికి జారిపోతోంది. అదే వరస పై స్వరాల్లో వస్తే హాయిగా నిలబడుతోంది. కూతురు దిద్దని టేపు పెట్టింది. ఇందులో ఆ జారడం ఎంతో అందంగా ఉంది, దిగిన స్వరం దాని చాటున దాక్కుంది.

"మొదటిసారి మాత్రమే గట్టిగా నొక్కింది నాన్నా. రెండోసారి నుంచీ, వాయిస్తూ వాయిస్తూనే నిన్ను కాపాడింది."

కుక్కర్ మూడు కూతలు కూసినా చెవులాయన రాలేదేమిటని అమ్మ కంగారుగా వచ్చి చూసింది. ఆయన కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"టీచరమ్మకి తెలుసటే," అన్నాడు అమ్మతో. "ఆ రోజు నేను నిద్రపోయాను."

"నాకు తెలియకేం? ఆ పొద్దున రెండుసార్లు లేపింది నేనేగా. నేను మాత్రం ఎవరికైనా చెప్పానా?"

నాన్న ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "దిద్దింది తీసెయ్యవే. నా తప్పు కప్పబోయి ఆవిడకి తప్పు అంటగట్టాం."

"మరి అట్ట మీద నీ పేరు తీసెయ్యమననా?"

"ఎందుకు తీస్తారు? కాస్త పెద్ద అక్షరాల్లో వెయ్యమను. ఆవిడ ఎవణ్ణి కాపాడిందో తెలియొద్దూ!"