లూకా చేతి బిగింపు

ఎనభై దాకా ఆ కారు బుద్ధిమంతురాలే. ఎనభై దాటిందా, స్టీరింగు సన్నగా వణకడం మొదలుపెట్టేది. తొంభైలో ఆ వణుకు మోచేతుల దాకా పాకేది, వంద దగ్గర సీటు కూడా అందుకునేది. వేగం దించగానే ఏమీ ఎరగనట్టు ఊరుకునేది. అబద్ధాలాడే పిల్లలా ఉంది నీ కారు అని లూకా కొడుకుతో అంటుండేవాడు. మొదట్లో నవ్వుతూనే అనేవాడు.

రెండు తలుపుల ఎర్ర స్పోర్ట్స్ కారు అది. హైదరాబాదులో ఎవరో మోజు తీరి అమ్మేసుకుంటే జయరాజ్ కొని తెచ్చి, పెళ్ళి ఫొటోలకు కిరాయికి తిప్పుతున్నాడు. గోదావరి ఒడ్డున దాని బానెట్‌కు ఆనుకుని ఫొటో దిగకపోతే ఈ చుట్టుపక్కల ఎవరికీ పెళ్ళయినట్టే కాదని వాడి ధీమా. ఇంకా పెళ్ళికాని వాడు, ఒక్కగానొక్క కొడుకు. ఖమ్మం పోయే అడవి దారిలో రోడ్డు ఖాళీగా కనిపిస్తే వాడి కాలు ఆగదు. ఆ కాలిని తలుచుకుంటేనే లూకాకు గుండెల్లో రాయి పడేది.

సారపాకలో కాగితం మిల్లుకు తిరిగే లారీల చక్రాలు బిగించి బిగించి జుట్టు నెరిసినవాడు లూకా. లూకా చేతి బిగింపంటే ఇక ఊడేది లేదని డ్రైవర్లు అనుకునేవారు. ఆ మాట ఆయన చెవికి ఎంత తీపో చెప్పలేం. ఇప్పుడు ఇంటి ముందు రేకుల షెడ్డు వేసుకుని, తెలిసినవాళ్ళ బండ్లు చూస్తున్నాడు.

దొరకని రోగమంటే ఆయనకు ఒళ్ళు మంట. స్టీరింగు వణికితే ముందు చక్రాలు, సీటు వణికితే వెనక చక్రాలు. ఇది ముందు మొదలై వెనక్కి పోతోంది కాబట్టి జబ్బు ముందే ఉందని తేల్చాడు. కొత్తగూడెం పంపి బ్యాలెన్సింగ్ చేయించాడు. రిమ్ములు తిప్పి చూస్తే వంకర లేదు. ముందు టైర్లు వెనక్కి మార్చాడు, బేరింగులు కొత్తవి వేశాడు. ఏం చేసినా నాలుగు రోజులు బాగుండేది, మళ్ళీ మామూలే. చూస్తే నట్లు కాస్త వదులై ఉండేవి. తాను బిగించిన నట్టు వదులవడమా? పైకి చెప్పుకోవడానికే సిగ్గేసింది. పానాకు ఇనప పైపు తొడిగి, దాని మీద ఎక్కి నిలబడి బిగించాడు. నట్టు వెన్నలో తిరిగినట్టు తిరిగింది. బాగా పట్టిందని సంబరపడ్డాడు. ఈసారి వణుకు ఇంకా ముందే వచ్చింది.

భార్య విశ్రాంతమ్మకు ఆ కారంటే మొదటినుంచీ పడదు. ఆమె నది అవతల దవాఖానాలో ఆయా. యాక్సిడెంటు కేసులొస్తే స్ట్రెచర్లు కడిగేది ఆమే. పెద్ద కేసయితే డ్యూటీ టైము కాకముందే వార్డు నుంచి ఫోను వచ్చేది, పరుగెత్తేది. తిరిగొచ్చి టీ గ్లాసు చేతిలో పట్టుకుని, మన జయరాజు ఈడు పిల్లగాడు అని మొదలుపెట్టి, మధ్యలో ఆపేసేది. కారు వణుకుతోందని విన్నాక ఆమెకు కంటిమీద కునుకు లేదు. రోజూ తెల్లవారుతుండగానే షెడ్డులోకి వెళ్ళి, ఒక్కో చక్రం దగ్గర మోకాళ్ళూని ప్రార్థన చేసేది. చర్చి అయ్యగారు ప్రార్థించి ఇచ్చిన నూనె సీసా ఎప్పుడూ ఆమె కొంగుముడిలో ఉండేది. షెడ్డులోనే పక్కన నిలిపి ఉంచే చర్చి సంఘం వ్యాను దగ్గర కూడా కాసేపు కూర్చునేది. లూకా కిటికీలోంచి చూసి, చేసుకోనీలే అనుకునేవాడు. ఆయన పనిలో ఆమె, ఆమె ప్రార్థనలో ఆయన వేలు పెట్టకుండానే ఇన్నేళ్ళూ కాపురం చేశారు.

ఆ వ్యాను నడిపే అనిల్‌కుమార్ పోయిన ఆదివారం వచ్చి, దీని స్టీరింగు కూడా కొంచెం వణుకుతోందని చెప్పాడు. ఇదేమన్నా అంటురోగమా అని లూకా విసుక్కుని, అదే పైపు తొడిగి వ్యాను నట్లనూ బిగించి పంపాడు.

శనివారం పొద్దున జయరాజ్ ఫోను చేశాడు. మోరంపల్లి బంజర దాటాక ముందు చక్రంలో టకటకమని చప్పుడు వచ్చిందట, ఆపేశాడట. లూకా బైకు మీద వెళ్ళేసరికి వాడు టేకు చెట్ల నీడలో కూర్చుని ఉన్నాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు. చక్రం ఒక్క బోల్టు మీద వేలాడుతోంది. మిగతావన్నీ విరిగిపోయాయి. విరిగిన మొదళ్ళు నడుం సన్నగా సాగి ఉన్నాయి, తడిపిన పిండిని లాగితే సాగినట్టు. మిగిలిన నట్టును లూకా వేళ్ళతో తాకాడు. జిడ్డు. వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గ్రీజు కాదు, బ్రేకు ఆయిలు కాదు. ప్రతి ఆదివారం ప్రార్థనయ్యాక అయ్యగారు తన నుదుటికి రాసే నూనె వాసన.

ఆయన కొడుకుతో ఏమీ అనలేదు. కారును లాగించుకుని ఇంటికి తెచ్చేసరికి అయ్యగారు గుమ్మంలో ఉన్నారు. అనిల్‌కుమార్‌కు జ్వరమట, పినపాకలో ప్రార్థన కూటాలకు ఆడవాళ్ళను వ్యానులో తీసుకుపోవాలట. జయరాజ్ సరేనన్నాడు. అమ్మయ్య, నిదానంగా పోయే బండి అని విశ్రాంతమ్మ మొహం విప్పారింది. వ్యాను కదిలేదాకా గుమ్మంలోనే నిలబడింది. లూకా ఆ నట్టు విప్పి, దాన్నే చూసుకుంటూ కూర్చున్నాడు. ఆమెకెలా చెప్పడం అన్న ఒక్క బాధే ఆయన తలనిండా ఉంది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక నట్టు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"ఒక్క బోల్టు మిగిలిందంట గదా," అంది ఆమె. "దేవుడే ఆపిండయ్యా. నేను నట్టు నట్టుకు చుక్క వేసి ప్రార్థన చేసిన."

లూకాకు ఆమెను చూస్తే జాలేసింది. నోరు మూసుకుంటే రేపు పొద్దున మళ్ళీ వేస్తుంది. అందుకని నెమ్మదిగా చెప్పాడు. పొడిగా ఉంటేనే నట్టు పట్టుకుంటుంది. నూనె తగిలితే అదే బలానికి ఎక్కువ తిరుగుతుంది, బోల్టు సాగుతుంది. సాగిన బోల్టుకు పట్టు ఉండదు. వదులైంది కదా అని ఇంకా బిగిస్తే ఇంకా సాగుతుంది, చివరికి తెగుతుంది.

ఆమె నట్టును చేతిలోకి తీసుకుని వేలితో రుద్ది చూసింది.

"అంటే నా పిలగాణ్ణి నేనే…"

"నువ్వొక్కదానివే కాదు," అన్నాడు లూకా. "నూనె నీది, బిగింపు నాది. ఇద్దరం గలిసే చేసినం."

ఆ మాట అన్నాక ఆయనకు గుండె బరువు కాస్త దిగినట్టయింది. పిల్లవాడు బతికే ఉన్నాడు, కారు షెడ్డులో ఉంది, కొత్త బోల్టులు వేస్తే సరిపోతుంది. విశ్రాంతమ్మ మాత్రం షెడ్డులో వ్యాను నిలబడే చోటునే చూస్తోంది.

"ఏమయ్యా," అంది, గొంతు వినిపించీ వినిపించకుండా. "వ్యాను చక్రాలు గూడ నువ్వే బిగించినవ్ గదా."

"అవ్."

"దానికి గూడ రోజూ వేసిన. అందరి పిల్లలు ఎక్కే బండి అని జర ఎక్కువనే వేసిన."

లూకా లేచి జయరాజ్‌కు ఫోను చేశాడు. అందుబాటులో లేదని ఒక ఆడగొంతు తీయగా చెప్పింది. మళ్ళీ చేశాడు, మళ్ళీ అదే మాట. పినపాక దారిలో అడవి తగిలితే ఏ ఫోనూ పలకదని ఆయనకు తెలుసు. అయినా చేస్తూనే బైకు బయటికి తోశాడు. విశ్రాంతమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చి వెనక కూర్చుంది.

బండి స్టార్టవుతుండగా ఆమె ఒళ్ళోని ఫోను మోగింది. జయరాజేమోనని ఇద్దరూ ఒక్కసారే చూశారు. వార్డు నంబరు. ఆమె డ్యూటీకి ఇంకా చాలా టైముంది.

ఆమె ఫోను ఎత్తలేదు. చేతి వేళ్ళను చీరకు తుడుచుకుంటూ కూర్చుంది.