మనం కడిగిన పూల్

"ఒసేయ్ ఏనీ, పూల్ తెరుస్తరంట!"

స్నేహితురాలు రిషిత వాయిస్ మెసేజ్ అది. ఎయిర్‌పోర్టు దగ్గరి గోడౌన్‌లో డ్యూటీ ముగించుకుని ఏనీ బస్సులో నిలబడి ఉంది. ఆ మాట విని ఒక్కతే పైకి నవ్వేసింది. పక్కనున్నాయన ఉలిక్కిపడి చూశాడు. చూడనీ. కొత్త పెళ్లికూతురికి నవ్వడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. పొద్దున మొగుడు ఉల్లిపాయలు తరుగుతూ ఏడిస్తే దానికే అరగంట నవ్వింది.

ఎటోబికోలో వాళ్లుండే పాత టవర్ వెనక కంచె లోపల ఓ స్విమ్మింగ్ పూల్ ఉంది. ఉందనడమే గానీ అందులో నీళ్లు నిలిచి ఏళ్లయింది. ఎండుటాకులు, పాకుడు, ఎవరో తోసేసిన షాపింగ్ కార్టు. ఆ ఏడాది మన తెలుగు పిల్లలు కాలేజీల కోసం ఈ పరాయి దేశంలో విమానాలు విమానాలుగా దిగారు. టవర్‌లో ఏ ఫ్లాట్ చూసినా హాల్లో దుప్పట్లు అడ్డం కట్టుకుని, ఒకడు షిఫ్టుకి లేస్తే ఆ పరుపు మీదే ఇంకొకడు పడుకునేవాడు. జూన్ వచ్చేసరికి ఇళ్లు పొయ్యిల్లా కాలిపోయాయి. ఏసీ లేదు. లిఫ్టు సగం రోజులు పని చేయదు. కిటికీలోంచి చూస్తే కింద ఎండిపోయిన పూల్.

ఆ పిల్లల్లో చాలామందికి పగలంతా పూల్సే పని. ఏనీ భర్త డేవిడ్‌సన్ కూడా అంతే. కాలేజీ లేని రోజుల్లో కాంట్రాక్టర్ వ్యాన్ ఎక్కి, డబ్బున్నవాళ్లుండే ఓక్‌విల్ వెళ్తాడు. అక్కడ ఇంటింటికీ వెనక ఓ పూల్. చలికాలమంతా కప్పి ఉంచిన కవర్లు లాగి, గోడలు రుద్ది, మందు కలిపి, నీళ్లని అద్దంలా చేసి వస్తాడు.

"వాళ్లు రోజూ ఈదుతారా అండీ?" అని ఏనీ ఆశగా అడిగింది ఓసారి.

"ఏమో. నేను వెళ్లినప్పుడల్లా ఒక రబ్బరు బాతే ఈదుతోంది."

అందుకే రిషిత తెచ్చిన కబురు టవరంతా పాకింది. బిల్డింగ్ మేనేజర్ స్వయంగా అన్నాడట: "మీలో పూల్ పని తెలిసినవాళ్లున్నారు కదా. శుభ్రం చేసిపెట్టండి. పంపు కంపెనీ బాగు చేయిస్తుంది. లాంగ్ వీకెండ్‌కి తెరుస్తాం."

ఇంకేం కావాలి? శ్రమదానం! ఇంటర్‌లో క్యాంపులకెళ్లి ఊరి రోడ్లు ఊడ్చిన పిల్లలు, చర్చికి ఎండల్లో సున్నాలు వేసిన పిల్లలు. పని అన్నాక నలుగురూ చెయ్యి వెయ్యడమే వాళ్లకి తెలుసు. ఎవరి కోసం తెరుస్తారని మేనేజర్ని ఒక్కరూ అడగలేదు. పొరపాటు అక్కడే జరిగింది.

ఆ ఆదివారం మాత్రం ఏనీకి పెళ్లికంటే బాగుంది. బకెట్లు, చీపుళ్లు, బ్రష్షులు, ఫోన్లలో పాటలు. పాకుడు మీద జారి పడ్డవాణ్ణి లేపబోయి ఇంకో ఇద్దరు పడ్డారు. ఈ టవర్లోనే పిల్లల్ని పెంచి పెద్ద చేసిన జమైకా ఆవిడ బెవర్లీ ఆంటీ నిమ్మరసం కలిపి తెచ్చింది. "మా పిల్లలు ఇందులోనే ఈత నేర్చుకున్నారు," అంటూ చీపురు అందుకుంది. డేవిడ్‌సన్ పూల్ మెట్లకి నీలం రంగు వేశాడు. వేసినంత సేపూ చెవికి కూడా నీలం రంగు అంటుకుని ఉందని ఏనీ అతనికి చెప్పలేదు. చూసుకుంటూ మురిసిపోయింది.

తెరవడానికి ముందు రోజు మధ్యాహ్నం, నీళ్లు నిండాయని తెలిసి అందరూ తువ్వాళ్లు భుజాన వేసుకుని దిగారు. గేటుకి కొత్త తాళం. దాని పక్కన మేనేజర్. అతని చేతిలో మణికట్టుకి కట్టే పసుపుపచ్చ గుడ్డ బ్యాండ్లు.

"లీజులో పేరున్నవాళ్లకే బ్యాండ్. బ్యాండ్ ఉన్నవాళ్లకే పూల్."

"మేం ఇక్కడే ఉంటున్నాం సార్," అన్నాడు డేవిడ్‌సన్. "కడిగింది మేమే."

"అందుకు థాంక్స్."

కంచె మీద పెద్ద ఫ్లెక్సీ. రంగులేసి కొత్తగా చేసిన ఫ్లాట్లు అద్దెకు ఉన్నాయని, రేపే వచ్చి చూసుకోమని. కింద పూల్ ఫోటో. డేవిడ్‌సన్ వేసిన నీలం మెట్లు. అప్పుడర్థమైంది ఏనీకి, తాము ఎవరి కోసం వంగి వంగి రుద్దారో.

"ఇదేం న్యాయం సార్?" రిషిత ముందుకొచ్చింది.

మేనేజర్ గొంతు పెంచలేదు. "అసలు మీరు ఏ ఫ్లాట్లో ఉంటారు? ఒక్కో ఫ్లాట్లో ఎంతమంది?"

అంతే. ఆ లెక్క బయటపడితే ఉన్న ఇల్లే పోతుంది. ముందున్నవాళ్లు వెనక్కి తగ్గారు. వెనకున్నవాళ్లు తువ్వాళ్లు మడిచేశారు. ఆ ప్రశ్న ఒక్కటే చాలు, గేటుకి ఇంకో తాళం అక్కర్లేదు.

పైకి వచ్చేసరికి వెంకటేశ్వర రావు అంకుల్ చెప్పులు కూడా విప్పకుండా హాల్లో తిరుగుతున్నాడు. ఫ్లాట్ లీజు ఆయన పేరు మీదే ఉంది. మిగతావాళ్లందరూ ఆయన దగ్గర అద్దెకున్నవాళ్లే.

"మేనేజర్ ఫోన్ చేశాడు. రేపు మీరెవరైనా ఆ గేటు దగ్గర కనబడితే మనందర్నీ ఖాళీ చేయిస్తాడంట. ఏనీ, నీకే చెప్తున్నానమ్మా. కొత్త జంట అని తలుపున్న రూమ్ మీకిచ్చాను. పూల్ కావాలా, రూమ్ కావాలా, మీరే తేల్చుకోండి."

ఏనీ లోపలికెళ్లి గడియ పెట్టింది. తీసింది. మళ్లీ పెట్టింది. వచ్చిన కొత్తలో హాల్లో దుప్పటి వెనక పడుకున్నారు ఇద్దరూ. గుసగుసగా నవ్వినా అవతల ఎవరో దగ్గేవాళ్లు. ఈ గది చేతికొచ్చిన రోజు ఆ గడియ చప్పుడు విని ఇద్దరూ పిల్లల్లా గెంతారు. ఇప్పుడు అదే గడియ.

"వద్దులే ఏనీ," అన్నాడు డేవిడ్‌సన్ మంచం అంచున కూర్చుని. "రోజూ పూల్ చూస్తూనే ఉన్నాగా."

"బాతుని చూస్తున్నారు."

అతను నవ్వలేదు. ఆ నవ్వకపోవడం ఏనీకి గుచ్చుకుంది.

ఇంకా ఎండ తగ్గకముందే బేస్‌మెంట్‌లో బట్టలుతికే గదిలో జనం పోగయ్యారు. ఆ టవర్లో చల్లగా ఉండేది అదొక్కటే. మెషీన్లు గడగడలాడుతున్నాయి. ఎవరి మాట ఎవరికీ సరిగా వినబడటం లేదు.

"పర్మనెంట్ రెసిడెన్సీకి అప్లై చేయాల్సినోళ్లం, మనకెందుకీ గొడవ?"

"ఈత రానోళ్లకి పూల్ గోలేంట్రా?"

"రేయ్, ఈత రాకపోతే కడగడం ఎట్లొచ్చింది?"

వెంకటేశ్వర రావు అంకుల్ తలుపు దగ్గరే ఆగిపోయాడు. మణికట్టుకి పసుపు బ్యాండ్. "చదువుకోడానికొచ్చారు, చదువుకోండి. వాడితో పెట్టుకుంటే రోడ్డున పడతాం."

"అంకుల్, గిన్నెలు తోమింది మేము," అంది రిషిత. "తినేటప్పుడు బయట కూసోమంటే కూసోవాల్నా?"

"నీ ఆవేశం బానే ఉందమ్మా. వాళ్ల రూమ్ పోతే నువ్విస్తావా?"

అందరూ ఏనీ వైపు తిరిగారు. డేవిడ్‌సన్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పెళ్లిలో పాస్టరు గారు అడిగినప్పుడు కూడా ఏనీకి ఇంత దడ లేదు.

"అంకుల్," అంది, "ఆ రూమ్‌కి గడియ ఉందని సంబరపడ్డాను. ఇవాళ చూస్తే అది మా నోటికి పెట్టిన గడియ. పూల్ దాకా ఎందుకు, రేపు లిఫ్టు ఆగిందని అడిగినా, కుళాయి రాలేదని అడిగినా ఇదే మాట అంటాడు. ఎంతమంది ఉంటారు అని. చాలామందిమే ఉంటాం. ఆ మాట దాచుకునే కొద్దీ వాడికి బలం. మనమే చెప్పేస్తే?"

మెషీన్ ఒకటి ఆగిపోయింది. బెవర్లీ ఆంటీ లేచింది. తెలుగు మాట అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది ఆవిడకి. తన బ్యాండ్ విప్పి డ్రయ్యర్ మీద పెట్టింది. "వీళ్లు దిగకపోతే నేనూ దిగను," అంది ఇంగ్లీషులో. ఆవిడ వెనక ఫిలిప్పీన్స్ నర్సు ఒకామె తనదీ విప్పింది. ఆ వెనక ఇంకొకరు.

ఏనీ మెడలో పసుపుపచ్చ చున్నీ ఉంది. పెళ్లయ్యాక డేవిడ్‌సన్ కొన్న మొదటి బహుమతి. దాన్ని తీసి అంచు పంటితో కొరికి చర్రున చింపింది.

"అయ్యో, అదెందుకే!" రిషిత అరిచింది.

"చెయ్యి చాపు ముందు."

ఒక పీలిక రిషితకి. ఒకటి డేవిడ్‌సన్‌కి. చేతులు వరసగా చాచుకొచ్చాయి. గోడౌన్లో పెట్టెలు మోసిన చేతులు, ఓక్‌విల్‌లో మందు కలిపి పొట్టు లేచిన చేతులు. చున్నీ అయిపోతే ఎవరో మడతేసిన దిండు గలీబు అందించారు.

వెంకటేశ్వర రావు అంకుల్ తన బ్యాండ్ విప్పలేదు. వెళ్లనూ లేదు. "నీళ్లు మరీ చల్లగా ఉంటాయేమో, ఎవరైనా చూశారా?" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు.

రిషిత డ్రయ్యర్ ఎక్కి నిలబడింది.

"రేపు పదకొండింటికి గేటు తీస్తరు. ఫ్లాట్లు చూడ్డానికొచ్చే కొత్తోళ్లు కూడా అప్పుడే వస్తరు. వాళ్ల ముందటే అందరం పోదాం. వాడు ఎంతమంది అని అడిగితే, లెక్క పెట్టుకో అందాం. ఒక్కర్ని ఆపినా ఎవ్వరం దిగం, గేటు ముందే కూసుంటం. దిగితే అందరం దిగుతం. ఫస్ట్ ఎవరు దిగుతరు?"

"నేను," అంది ఏనీ.

"నీకు ఈత రాదు కదనే!"

"మెట్ల దాకా వచ్చు. ఆ మెట్లకి రంగేసింది మా ఆయనే."